పునాదికి పనికిరాని పుస్తకం

లైబ్రరీ పిన్ని పొద్దున్నే తాళం తీసి మొదట చూసేది పైకప్పు వంక. ముందురోజు సాయంత్రం దారం సరిగ్గా ముడిపడని నవలలు తెల్లారేసరికి పైకి తేలి, ఫ్యాను రెక్కల మధ్య ఇరుక్కుని ఉంటాయి. కొక్కెం కర్రతో వాటిని కిందికి లాగి, ఒక్కొక్కదాని దారమూ అలమర మేకుకి కట్టాకే ఆవిడ కిటికీలు తెరుస్తుంది. ఆ తర్వాత కింది అరల దగ్గర గొంతుక్కూచుని, బరువు పుస్తకాల కింద వేసిన బండలు ఏమైనా కుంగాయేమో తడిమి చూస్తుంది. ఇదంతా అయ్యాక చీపురు పట్టుకుంటుంది.

ఆ ఊళ్లో పుస్తకాలు చదివినకొద్దీ తేలికవుతాయి. చదవకుండా వదిలేస్తే ఏటికేడూ బరువెక్కుతాయి. నాలుగు తరాలు నమిలేసిన అపరాధ పరిశోధన నవలలు గాలి వీస్తే ఎగిరిపోతాయి. ప్రభుత్వం వారు ఉచితంగా పంపిన వ్యవసాయ నివేదికలు మాత్రం వచ్చినచోటే, వచ్చినరోజు దింపినట్టే ఉన్నాయి.

ఈ పద్ధతి వల్ల ఊళ్లో ఒక ఇబ్బంది ఉంది. చదవని పుస్తకాన్ని చదివానని చెప్పడానికి వీల్లేదు. పళ్ల డాక్టరు ఓసారి లావుపాటి తత్వశాస్త్రం ఒకటి తీసుకెళ్లి, నెల తిరిగాక ఇద్దరు మనుషుల చేత మోయించుకొచ్చి, "అద్భుతమండీ! ఏం లోతు, ఏం లోతు!" అన్నాడు. పిన్ని అందుకోబోయింది, అందలేదు. బల్ల మీద పెట్టించి, "ఇంకో నెల ఉంచుకుంటారా డాక్టరుగారూ?" అని మాత్రం అంది. ఆయన ఆ పుస్తకాన్ని మళ్లీ మోయించుకుని వెళ్లి, నిజంగానే చదివి, ఈసారి చంకలో పెట్టుకుని తెచ్చాడు. ఊరు మంచిదే, కాస్త తోయాలి అంతే.

అలాంటి ఊరు ఒక్క విషయంలో పప్పులో కాలేసింది. అది అలాంటిలాంటి కాలు కాదు, మోకాలిదాకా దిగింది.

లైబ్రరీ గుమ్మం దాటగానే ఎదురుగా నల్లరాతి అరుగు. దాని మీద ఒకే ఒక్క పుస్తకం. ముదురు ఎరుపు గుడ్డ అట్ట, నాలుగు మూలలా తోలు. ఊరి గ్రంథాలయ చరిత్ర. ఊళ్లో అంతకన్నా బరువైన వస్తువు లేదు. చుట్టాలొస్తే కాళ్లు కడుక్కోనిచ్చి ఆ పుస్తకం దగ్గరికే తీసుకొచ్చేవారు. "మా ఊరి పుస్తకం, ఎత్తి చూడండి" అనేవారు. చుట్టం ఎత్తబోయి నడుం పట్టుకుని కూలబడేవాడు. ఊరివాళ్లు గర్వంగా ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఆ బరువుకి నేల కుంగితే అరుగు కింద ఇంకో వరస రాళ్లు పేర్చారు. పోయినసారి భవనం మరమ్మతు చేసినప్పుడు పుస్తకాన్ని జరపలేక, దాన్ని అక్కడే ఉంచి గోడలే జరిపారు.

రాసింది దర్జీ అత్తయ్య. ఆవిడ ఊరందరికీ అత్తయ్యే. కాలవ పక్క సందులో ఆవిడ కుట్టు దుకాణం. లైబ్రరీలో చిరిగిన అట్టలన్నీ ఆవిడే కుడుతుంది. చిన్నతనం నించి అట్టలు కుడుతూ, వచ్చేపోయేవాళ్ల కబుర్లు వింటూ, విన్నది విన్నట్టు జాకెట్ల కొలతలు కత్తిరించే గోధుమరంగు కాగితాల వెనక రాసుకుంటూ పోయింది. అవన్నీ కలిపి ప్రెస్సులో ఇస్తే, ప్రెస్సాయన ఒక్క ప్రతి అచ్చువేసి ఇచ్చి, "ముందు ఊరు చదవనీయండి, బాగుందంటే మిగతావి వేద్దాం" అన్నాడు. దాన్ని అత్తయ్యే స్వయంగా కుట్టి, అట్ట వేసి, పాత లైబ్రేరియను చేతిలో పెట్టింది.

ఊరు ఎంత సంబరపడిందో చెప్పలేం. మన అత్తయ్య, మన లైబ్రరీ, మన పుస్తకం! ఇంత గొప్ప పుస్తకాన్ని చిన్నవాళ్లు ముందు ముట్టుకుంటే బాగుండదని పెద్దవాళ్లకి వదిలారు. పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు ముందు చదివితే బాగుంటుందన్నారు. చదువుకున్నవాళ్లు, అత్తయ్యకి దగ్గరివాళ్లు ముందు చదవడం మర్యాద అన్నారు. దగ్గరివాళ్లేమో, మనకి తెలియని సంగతులా ఏం, తీరిగ్గా చూద్దాం అనుకున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. మీరు ముందంటే మీరు ముందని మొహమాటపడుతుండగానే పుస్తకం ఇంటికి తీసుకెళ్లలేనంత బరువెక్కింది. ఆ తర్వాత అట్ట తెరవలేనంత బరువెక్కింది. అప్పుడు దానికి అరుగు కట్టారు.

వేరే పుస్తకం బరువెక్కితే ఎవరూ చదవలేదని అర్థం. ఆ సంగతి ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఈ పుస్తకం దగ్గరికొచ్చేసరికి మాత్రం, "అందులో సరుకు అంతుంది మరి!" అనుకున్నారు. అనుకుని నమ్మారు.

ఇలా ఉండగా కాలవ గట్టు తెగి పాత వంతెన కొట్టుకుపోయింది. కొత్త వంతెన స్తంభం సరిగ్గా లైబ్రరీ ఉన్నచోటే లేవాలని ఇంజనీరు తేల్చాడు. లైబ్రరీని బస్టాండు పక్కనున్న ఖాళీ భవనానికి మార్చాలన్నారు.

లైబ్రరీ ఇల్లు మారడం ఆ ఊరికి కొత్త కాదు. దానికో పద్ధతి ఉంది. ఎవరు మోయగలిగినవి వాళ్లు ఇంటికి తీసుకెళతారు, చదువుతారు, తేలికయ్యాక కొత్త చోటికి చేరుస్తారు. బండ్లక్కర్లేదు, కూలీలక్కర్లేదు. ఆ నెలంతా ఊళ్లో పొయ్యి దగ్గరా పుస్తకమే, బస్టాండులోనూ పుస్తకమే. వ్యవసాయ నివేదికల్ని కూడా వదల్లేదు. టీకొట్టు బాబాయ్ వాటిని పట్టుదలగా చదివి, వచ్చినవాడికల్లా ఎరువుల గురించి చెప్పి, కొన్నాళ్లు బేరాలు పోగొట్టుకున్నాడు. అరలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చివరికి ఖాళీ హాల్లో అరుగు మీద పుస్తకం ఒక్కటే మిగిలింది.

దాన్నేం చెయ్యాలని ఆ హాల్లోనే సమావేశం పెట్టారు. ఊరి ఛైర్మన్ మంచి మనిషి. మైకు కనపడితే అన్నం కూడా అక్కర్లేదు. ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! ఇంజనీరుగారికి వంతెన పునాదిలో వెయ్యడానికి మహా బరువైన రాయి కావాలట. ఎక్కడినించో రాయి ఎందుకండీ? మన ఊరి పుస్తకం కంటే బరువైంది ఎక్కడుంది? దాన్ని పునాదిలో వేద్దాం. పైన శిలాఫలకం పెడదాం. మన వంతెన మన పుస్తకం మీద నిలబడుతుంది!"

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. కొందరికి కళ్లు కూడా చెమర్చాయి. ఇంతకన్నా గౌరవం ఏ ఊళ్లో ఏ రచయితకి జరిగిందని పొంగిపోయారు. అందరూ అత్తయ్య వైపు తిరిగారు.

అత్తయ్య మెడలో కొలతల టేపు సర్దుకుని లేచి నిలబడింది. "మంచిదే నాయనా. వంతెన గట్టిగా ఉంటుంది" అని, దుకాణంలో పని ఉందని వెళ్లిపోయింది.

మర్నాడు పిన్ని ఆ సందులోంచి వెళ్తుంటే మిషను చప్పుడు వినిపించింది. ఎవరిదో పిల్లల గౌను, అత్తయ్య మెడ వంచుకుని కుట్టుకుపోతోంది. పిన్ని గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. గుడ్డ జరుగుతోంది, సూది పడుతోంది, లేస్తోంది, కుట్టు మాత్రం కనపడటం లేదు.

"అత్తయ్యా, సూదిలో దారం లేదు."

"తెలుసు" అంది అత్తయ్య, తొక్కడం ఆపకుండా.

పిన్ని లోపలికొచ్చి పక్కన స్టూలు మీద కూచుంది. "మీకిష్టం లేకపోతే చెప్పండి. ఛైర్మన్ గారితో నేను మాట్లాడతాను."

"ఇష్టం లేకపోవడానికేముంది? ఊరంతా అంత గౌరవం చేస్తుంటే." అత్తయ్య అప్పుడు కాళ్లు ఆపింది. "అమ్మాయ్, ఒక్క మాట అడుగుతాను. నువ్వు చదివావా?"

వేరే ఊళ్లో అయితే, చదివానత్తయ్యా ఎంత బాగుందో, అనేసి బయటపడొచ్చు.

"చదివుంటే పిసరంతైనా దిగేది" అంది అత్తయ్య. కోపంగా అనలేదు. "శనివారం శనివారం వచ్చి దుమ్ము తుడుస్తున్నాననుకుంటావు నువ్వు. అట్ట కింద వేలు పెట్టి చూసుకునేదాన్ని. ఒక్కరైనా మొదలుపెట్టారేమోనని. మొదట్లో వేలు దూరేది. తర్వాత గోరు దూరేది. ఇప్పుడు కాగితం కూడా దూరదు."

"అత్తయ్యా..."

"నాకు రాయడం చేతకాలేదమ్మా, అంతే. ఎవరో రెండు పేజీలు చూసి బాగాలేదని పక్కవాళ్లకి చెప్పుంటారు. నన్ను బాధపెట్టలేక అరుగెక్కించి దండం పెడుతున్నారు. ఇంకోటి రాద్దామని ఎన్నిసార్లు కూచున్నానో! గుమ్మంలో ఆ బండ గుర్తొచ్చి చెయ్యి ఆడేది కాదు. పునాదిలో వేస్తే నాకూ నయమే. రోజూ కనపడదు."

పిన్ని కళ్లు తుడుచుకుంటూ సందులోంచి బయటపడింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. కానీ పుస్తకాల మధ్యే బతుకుతున్న తన పిడికెడు మిగతా అందరిదానికంటే పెద్దదని ఆవిడకి తెలుసు. ఆ పుస్తకం చుట్టూ ఇన్నేళ్లు ఊడ్చింది. దాని మీద వాలిన ఈగల్ని తోలింది. తెరుద్దామని ఒక్కరోజు తోచలేదు. పుస్తకాన్ని ఎత్తే క్రేను రావడానికి ఇంకా కొన్నాళ్లే ఉంది.

ఆవిడ తిన్నగా మరిది షెడ్డుకి వెళ్లింది. మరిది లారీ మెకానిక్కు. బస్సు కిందనించి కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి.

"జాకీ కావాలి" అంది పిన్ని ఆ కాళ్లతో.

"దేనికి వదినా?"

"పుస్తకం తెరవాలి."

మరిది ఎందుకని అడగలేదు. ఉన్నవాటిలో పెద్ద జాకీ, రెండు గడ్డపారలు భుజాన వేసుకుని వెనకే నడిచాడు. అట్ట అంచు కింద ముందు ఉలి దించి, తర్వాత గడ్డపార దించి, ఆ సందులో జాకీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. అట్ట తలుపులా కిర్రుమంటూ లేచింది. అత్తయ్య కుట్టిన కుట్టు కాబట్టి వెన్ను తెగలేదు. ఇద్దరూ కలిసి అట్టని అటువైపు పడేస్తే నేల అదిరింది.

"ఇది పుస్తకమా, ఇంజనా?" అన్నాడు మరిది రొప్పుతూ.

"మాట్లాడకు" అని పిన్ని మొదటి వాక్యం పైకి చదివింది.

"ఈ ఊళ్లో గ్రంథాలయం పుట్టడానికి కారణం ఒక మొండి కత్తెర."

మరిది చెమట తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. "ఏంటీ?"

ఊరికి తెలిసిన చరిత్ర వేరు. ఛైర్మన్ ఏటేటా చెప్పే ఉపన్యాసంలో మహనీయుడైన సెలూన్ తాత జ్ఞానజ్యోతి వెలిగించడం, చీకట్లు పారిపోవడం ఉంటాయి. అత్తయ్య రాసింది అది కాదు. సెలూన్ తాతకి కత్తెర సాన పట్టించడానికి బద్ధకం. ఆ మొండి కత్తెరతో ఒక తల పూర్తయ్యేసరికి మిగతావాళ్లు విసిగి లేచిపోయేవారు. వాళ్లని కూచోబెట్టడానికి నాలుగు పుస్తకాలు తెచ్చి పడేశాడు. ఒకడు పైకి చదివేవాడు, మొహాన నురగతో మిగతావాళ్లు వినేవారు. కథ మంచి పట్టులో ఉండగా గెడ్డం పూర్తయినవాడు లేవడు. సగం గెడ్డంతో కథ ఆగినవాడు మర్నాడు మళ్లీ వస్తాడు. ఊళ్లోకెల్లా పెద్ద బట్టతల ఉన్న బియ్యం కొట్టాయన రోజూ క్షవరానికి వచ్చి కుర్చీలో కూచునేవాడు. తాత గాల్లో కత్తెర ఆడించి పంపేవాడు.

మరిది నవ్వి నవ్వి గడ్డపార మీద వాలిపోయాడు. "బట్టతలాయన అంటే మా ఆవిడ తాతే వదినా! ఆయనకి క్షవరం మీద అంత మోజేంటా అని ఇప్పటికీ అంటారు మా అత్తవారింట్లో! తిప్పు, తిప్పు."

పేజీ తిప్పడానికి ఇద్దరూ పట్టాల్సొచ్చింది. తిప్పారు.

పక్క వీధిలో ఉన్నవాళ్లకి నవ్వు వినిపించి ఒకరిద్దరు తొంగి చూశారు. లోపలికి రమ్మంటే వచ్చారు. వినడమంటే ఆ ఊళ్లో చదివినట్టే, సెలూన్ నాటినించీ అంతే. పిండిమర అధ్యాయం వచ్చేసరికి హాలు సగం నిండింది. లైబ్రరీ పిండిమర మేడ మీద ఉన్న రోజుల్లో ఒక ధనవంతుడు బంగారు అక్షరాల న్యాయశాస్త్ర సంపుటాలు దానం చేశాడు. వాటిని ఎవరూ ముట్టలేదు, దానం చేసినాయన కూడా. అవి బరువెక్కి బరువెక్కి ఒక మధ్యాహ్నం నేల విరిగి, లైబ్రేరియనుతో సహా కింద పిండిలో పడ్డాయి. వీధి వీధంతా తెల్లబారింది. లేచి ఇంటికి వెళ్లిన లైబ్రేరియన్ని భార్య గుర్తుపట్టక, "ఆయన ఇంట్లో లేరండీ, తర్వాత రండి" అని తలుపేసింది.

ఆ రోజు సాయంత్రానికి పేజీ తిప్పడానికి ఒక్క మనిషి చాలాడు. మర్నాడు పిన్ని గొంతు బొంగురుపోతే పళ్ల డాక్టరు అందుకున్నాడు. ఆయన తర్వాత టీకొట్టు బాబాయ్ చదివాడు. మధ్యలో ఎరువుల గురించి ఒక మాట చెప్పబోతే అందరూ కసిరారు. దుకాణాలకి తలుపులేసి వచ్చారు. స్టూళ్లు తెచ్చుకున్నారు. ఎవరింటి పేరు ఎప్పుడొస్తుందోనని ఒకటే ఆత్రం. మొగుళ్లు లైబ్రరీకి పంపకపోతే ఉతికే బట్టల మూటల్లో నవలలు తెప్పించుకున్న ఆడవాళ్ల అధ్యాయం చదివినప్పుడు, ముసలమ్మలంతా ముసిముసిగా నవ్వారు, ఒకావిడ మాత్రం ఏడ్చింది. నొప్పులు పడుతున్న ఓ తల్లికి మంత్రసాని నవల చదివి వినిపిస్తుంటే, మంచి ఘట్టంలో బిడ్డ రాబోతే, "ఉండవే, అధ్యాయం అయిపోనీ!" అని ఆ తల్లి అరిచిందట. ఆ బిడ్డే ఇప్పటి బస్సు కండక్టరు. అతను జనంలోనే ఉన్నాడు. "అందుకే నేను అన్నిటికీ ఆలస్యం!" అని లేచి అరిచాడు.

ఎంత బాగా రాసింది అత్తయ్య! ఎవర్నీ ఎత్తలేదు, ఎవర్నీ దించలేదు. ఊళ్లో మనుషులు ఎలా నిలబడతారో, ఎలా కూచుంటారో, అబద్ధం ఆడేటప్పుడు ఏ చేత్తో తల గోక్కుంటారో అన్నీ ఉన్నాయి. ఇంత మంచి పుస్తకాన్ని ఇన్నేళ్లు గుమ్మంలో పెట్టుకుని దాని చుట్టూ తిరిగి వెళ్లామే అని ఒక్కొక్కరూ తమలో తాము సిగ్గుపడ్డారు. అత్తయ్య దగ్గరికెళ్లి చెప్పడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ముందు పూర్తి చేద్దాం, తర్వాత అందరం కలిసి వెళదాం అనుకున్నారు. అత్తయ్య మటుకు ఆ సమావేశం తర్వాత లైబ్రరీ వైపు రానేలేదు. ఈ సంగతేదీ ఆవిడకి తెలియదు.

చివరి అధ్యాయం మిగిలి ఉండగానే, అనుకున్నదానికి ఒకరోజు ముందు క్రేను వచ్చేసింది. పొద్దున్నే పనివాళ్లు పైకప్పు రేకులు విప్పేశారు. ఛైర్మన్ మైకుతో, ఇంజనీరు తెల్ల టోపీతో దిగారు. వేరే పనులమీద పొరుగూళ్లు తిరిగిన ఆ ఇద్దరికీ చదువు సంగతి తెలియదు. అరుగు మీద పుస్తకం చివర్లో తెరిచి ఉంది. చదివినవైపు కాగితాలు గాలికి రెపరెపలాడుతున్నాయి. చదవని ఆ కాసిని పేజీలూ మొత్తం పుస్తకాన్ని అరుగుకి అదిమిపట్టి ఉంచాయి.

"ఛైర్మన్ గారూ, ఒక్క అధ్యాయం ఉంది" అంది పిన్ని బొంగురు గొంతుతో.

"క్రేనుకి గంటల లెక్కమ్మా."

"పునాదిలో వేసేముందు మీరే చదవండి, మైకులో. సభకి నిండుగా ఉంటుంది."

మైకు మాట వినగానే ఆయన మెత్తబడ్డాడు. ఇంజనీరు గడియారం చూసుకున్నా పట్టించుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని, ఉపన్యాసం గొంతుతో మొదలుపెట్టాడు.

"మా లైబ్రరీని అందరికంటే ఎక్కువ ప్రేమించినవాడికి చదువు రాదు. అతను మూటలు మోసేవాడు. లైబ్రరీ ఇల్లు మారినప్పుడల్లా ఎవరూ ఎత్తలేని పుస్తకాలు అతనే మోశాడు. సాయంత్రం పని దిగాక కిటికీ బయట నిలబడి, లోపల ఎవరైనా పైకి చదువుతుంటే వినేవాడు. వానలో కూడా నిలబడేవాడు. లోపలికి రావయ్యా అంటే, వస్తే నన్ను చదవమంటారేమో అనేవాడు..."

ఛైర్మన్ గొంతు తగ్గింది. కాగితం మీదికి వంగాడు.

"ఒకరోజు నా దుకాణానికొచ్చి, నువ్వు అట్ట కుట్టేటప్పుడు ఊరికే ఉంటావు కదమ్మా, పైకి చదువుతూ కుట్టవా, అన్నాడు. అప్పటినించీ చదువుతూ కుట్టాను. అలా విన్నవన్నీ ఇంటికెళ్లి కొడుక్కి చెప్పేవాడట. పుస్తకంలోదని చెబితే పిల్లవాడు, నువ్వూ చదువు నాన్నా, అంటాడని భయపడి, సొంతంగా కల్పించానని చెప్పేవాడట. మా వాడు కూడా నాలాగే మాటకారి అవుతాడమ్మా, అని మురిసిపోయేవాడు..."

ఛైర్మన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా నాన్న" అన్నాడు ఛైర్మన్. "మా నాన్న ఈయన. పడుకోబెట్టేటప్పుడు చెప్పేవాడు. ఆయనకి పుస్తకాలంటే పడవనుకున్నాను నేను. ఆయనే అల్లి చెప్పాడనుకున్నాను ఆ కథలన్నీ..."

సందులో దుకాణం తలుపు వేసి ఉంది. లోపల అత్తయ్య గుడ్డ కత్తిరిస్తోంది. లౌడ్‌స్పీకరు గొంతు ఊరంతటికీ వినపడేదే. ఛైర్మన్ ఉపన్యాసమే కదా అని మొదట పట్టించుకోలేదు. కిటికీ బయట, వానలో, అన్న మాటలు చెవిన పడేసరికి కత్తెర ఆగింది. ఆ వాక్యం ఆవిడదే. దాని తర్వాత ఏ వాక్యం వస్తుందో ఆవిడకి తెలుసు, అదే వచ్చింది. కొలతల టేపు మెడలో ఉండగానే, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

ఛైర్మన్ ఏడుస్తూనే చివరి పేజీ చివరి మాటదాకా చదివాడు. తర్వాత జేబురుమాలు కోసం వెతుక్కుంటూ చేత్తో పనివాళ్లకి సైగ చేశాడు. ఆపమని చేశాడో, కానిమ్మని చేశాడో ఆయనకే తెలియదు. పనివాళ్లు కానిమ్మనుకున్నారు. పుస్తకం మూసి గొలుసు చుట్టి కొక్కెం తగిలించారు. మహా బరువని ముందే చెప్పారు కాబట్టి క్రేను ఆపరేటరు శక్తికొద్దీ మీట లాగాడు.

పుస్తకం చివ్వున లేచింది. విప్పిన కప్పులోంచి బయటికి, చెట్ల కొసలు దాటి పైకి పోయి, గొలుసు చివర ఆగింది. ఆ ఊపుకి క్రేను వెనక్కి ఊగింది, ఆపరేటరు నుదురు అద్దానికి కొట్టుకుంది. పుస్తకం కిందికి దిగనంటూ గొలుసుని కూడా పైకి లాక్కుపోతోంది.

ఇంజనీరు టోపీ తీసి తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది పునాదికి పనికిరాదండీ" అన్నాడు. "నాకు రాయే ఇప్పించండి."

ఊరు ఊరంతా ఒక్క కేక పెట్టింది. ఆ కేకలోనే ఎవరో వెనక్కి తిరిగి గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యని చూశారు. ఒక్కొక్కరే తప్పుకుని దారి ఇచ్చారు. మరిది గొలుసు పట్టుకుని కిందికి లాగి, పుస్తకం విప్పి ఆవిడ చేతుల్లో పెట్టాడు. అది ఎగరకుండా ఆవిడ రెండు చేతులా పొట్టకి అదుముకుంది.

"ఇన్నేళ్లూ నా చేతకానితనమే ఇంత బరువుందనుకున్నాను" అంది.

"క్షమించండి అత్తయ్యా" అంది పిన్ని.

అత్తయ్య ఖాళీ అరుగు అంచున కూచుంది. అట్ట నిమిరింది. కాసేపటికి తలెత్తి, చిన్నపిల్లలా అడిగింది. "ఎక్కడ నవ్వారు?"

అందరూ ఒక్కసారి మొదలెట్టారు. బట్టతల అని ఒకరు, పిండి అని ఒకరు, బట్టల మూట అని ఒకరు. అత్తయ్య ఎవరు ఏమంటున్నారో వినపడక అటూ ఇటూ తిరుగుతూ, తను కూడా నవ్వడం మొదలుపెట్టింది. ఇంతలో కర్ర పొడుచుకుంటూ కండక్టరు వాళ్లమ్మ ముందుకొచ్చింది.

"అన్నీ బాగానే రాశావుగానీ, నా సంగతి తప్పు రాశావు. అధ్యాయం అనలేదు నేను. పేజీ అయిపోనీ అన్నాను. అంత కసాయిదాన్నా?"

"అలాగా వదినా? అయితే రెండోదాంట్లో సరిచేస్తాను" అంది అత్తయ్య.

అన్నాక ఆవిడే ఆగిపోయింది. రెండోదా అని అడిగితే ఎక్కడ కాదంటుందోనని ఎవరూ నోరెత్తలేదు.

అత్తయ్య చుట్టూ చూసింది. ఏడ్చి మొహం ఉబ్బిన ఛైర్మన్ని, టోపీ చేత్తో పట్టుకున్న ఇంజనీరుని, లేని పైకప్పుని చూసింది. నుదుటి మీద బొప్పితో దూరంగా నిలబడ్డ క్రేను ఆపరేటరు దగ్గర ఆవిడ చూపు ఆగింది. పొరుగూరి మనిషి, తనేదో పాడుచేశాననుకుంటున్నాడు పాపం.

"ఇలా రా నాయనా" అంది, అరుగు మీద పక్కన చోటిస్తూ. "మీట లాగేటప్పుడు ఏమనుకున్నావు? మొదటినించీ చెప్పు. నాకేం తొందరలేదు."